కెనడా చెయ్యి, ముసఫ్ఫా క్రేను

ఒక మనిషి తన చూపు పోతున్న సంగతిని ఏడు నెలల పాటు దాచుకోవడానికి కావలసిన ఉపాయాలన్నీ నేనే అందించాను. తెలిసి కాదు. గ్రంథాలయంలో చదివి, సంబరంగా తెచ్చి చెప్పాను. ఆ మనిషి క్రేను ఆపరేటర్. నేను అతని రిగ్గర్ని. అంటే బరువుకు బెల్టులు కట్టి, కింద నిలబడి, ఎత్తు, దించు, ఆపు అని చేతులతో సైగలు చేసేవాణ్ని. అతను ఎత్తే ప్రతి బరువూ నా తలకు దగ్గరగానే వెళ్లేది.

2006లో మేమిద్దరం అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక స్టీలు యార్డులో పనిచేసేవాళ్లం. షెడ్డులో తయారైన దూలాలను బయటికి తీసి, పెయింటు దగ్గరికి, అక్కడినుంచి ట్రైలర్ల మీదికి చేర్చడం మా పని. అతనిది కడప జిల్లా. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. హెల్పరుగా వచ్చి, ఒక పఠాన్ ఆపరేటర్ పక్కన నిలబడి చూసి చూసి క్రేను నేర్చుకున్నవాడు. యార్డులో ఏసీ కింద కూర్చుని పనిచేసేది ఇద్దరే, ఆఫీసులో ముదీర్, క్యాబిన్లో తను, అని నవ్వేవాడు. ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు. నేను భాయ్ అనేవాణ్ని. నా చదువు పిచ్చి చూసి అతను నన్ను అయివారూ అని పిలిచేవాడు. వాళ్ల వైపు బడిపంతుల్ని అలాగే అంటారట.

నేను పదో తరగతితో ఆగిపోయాను. కానీ మా మండల గ్రంథాలయంలో బీరువాలు మూడూ ఖాళీ చేసి వచ్చినవాణ్ని. అబుదాబిలో పెద్ద ప్రభుత్వ గ్రంథాలయం ఉందని, లోపలికి ఎవరైనా వెళ్లొచ్చని తెలిసిన శుక్రవారం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సెక్కి వెళ్లాను. గుమ్మం దగ్గర కాపలాదారు నన్ను పైనుంచి కిందికి చూశాడే తప్ప ఆపలేదు. ఆ తర్వాత దాదాపు ప్రతి శుక్రవారం సాయంత్రం అక్కడే. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇంగ్లీషు పుస్తకాలు ఒక్కో వాక్యం విప్పుకుంటూ చదివేవాణ్ని. అర్థమైనవి నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాణ్ని. మా ఇంజనీర్లకు తెలియనివి నాకు తెలుసునని గర్వం ఉండేది. ఆ గర్వం సంగతే ఇప్పుడు చెబుతున్నాను.

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో ఫోర్‌మన్ గదిలో పాత ఇంగ్లీషు పేపరు దొరికింది. అందులో ఒక ఫోటో. నల్లటి ఆకాశం, పొడవాటి తెల్లటి క్రేను, దాని కొసన ఒక మనిషి. టీ విరామంలో భాయ్‌కి చూపించాను.

"భాయ్, ఇది సూడు. క్రేను కొసకు మనిషి నిలబడ్డడు."

అతను పేపరును ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. "మన ఫోర్‌మన్ చూసినాడంటే వాణ్ణి రేపే ఇంటికి పంపిస్తాడు. బెల్టన్నా కట్టుకున్నాడా?"

"కాళ్లకు కట్టిన్రు. అది ఆకాశంల ఉంది. కెనడావోళ్లు జేసిన క్రేనట."

"అట్లనా." పేపరు తిరిగిస్తూ అడిగాడు. "సరే గానీ, ఆపరేటర్ యాడుంటాడు? సిగ్నల్ ఎవరిస్తారు?"

ఇంజనీరు ఎవరూ అడగని ప్రశ్న అది. దాని జవాబు కోసం నేను వరుసగా మూడు శుక్రవారాలు గ్రంథాలయంలో కూర్చున్నాను.

కెనడా వాళ్లకు సొంత రాకెట్టు లేదు. అంతరిక్షంలోకి వెళ్లాలంటే అమెరికా వాళ్ల వాహనంలో చోటు దొరకాలి. ఆ చోటు సంపాదించిపెట్టింది వాళ్లు చేసిచ్చిన ఆ యంత్రపు చెయ్యే. ఇది చదివి నాకు భలే దగ్గరితనం అనిపించింది. పని చేతిలో ఉంటేనే వీసా. మొదటి జట్టును పేపరులో ప్రకటన ఇచ్చి ఎంచుకున్నారట. వేలమంది దరఖాస్తు పెడితే ఆరుగురు మిగిలారు. అందులో మొట్టమొదట వెళ్లినవాడు నౌకాదళంలో ఇంజనీరు. తర్వాత వెళ్లిన ఆ దేశపు తొలి మహిళ నరాల డాక్టరు. బరువే తెలియని చోట మనిషి చూపూ చెవీ ఎలా మోసపోతాయో, శరీరం ఎలా సర్దుకుంటుందో పరీక్షించి వచ్చింది. ఆ తర్వాత ఇంకొకాయన అంతరిక్ష కేంద్రం బయటికి వచ్చి, రెండో పెద్ద చెయ్యిని బిగించాడు. అది జలగ నడిచినట్టు ఈ కొసా ఆ కొసా మార్చి పట్టుకుంటూ కేంద్రం పొడవునా నడుస్తుంది.

భాయ్ ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. ఆపరేటర్ లోపల కూర్చుంటాడు. తన బరువు తనకు నేరుగా కనబడదు. కెమెరా తెరల మీద చూస్తాడు, చెవిలో తోటివాడి మాట వింటాడు. చేతి సైగలు లేవు.

ఈ సంగతి మేముండే లేబరు క్యాంపు గదిలో మంచం మీద కూర్చుని చెప్పాను. మర్నాడు పొద్దున భాయ్ పని మొదలు కాకముందే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి, మాకు రెండు వాకీటాకీలు కావాలన్నాడు. ఫోర్‌మన్ మలయాళీ, మాతో హిందీలో మాట్లాడేవాడు.

"క్యోం? ఇరవై మీటర్ల దూరంలో ఎదురెదురుగా ఉంటారు. చెయ్యి చాలదా?"

"మావోడు సదివొచ్చినాడు సార్. ఆకాశంలో అంతా మాటల మీదనే నడుస్తాదంట." ఇది అతను హిందీలోనే చెప్పాడు, కానీ నాకు ఇప్పుడు తెలుగులోనే వినిపిస్తుంది.

ఫోర్‌మన్ నా వైపు చూసి నవ్వి, స్టోరుకు చీటీ రాశాడు. ఆ రోజు నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. పదో తరగతి వాడు చదివిన పుస్తకం వల్ల ఒక యార్డులో పనిచేసే పద్ధతి మారింది. "కొద్దిగ ఎడమ. ఇంకొద్దిగ. ఆపు. దించు, నిమ్మళంగ." ఇలా నా గొంతు అతని చెవిలో రోజంతా ఉండేది.

జనవరిలో ఇంకో సంగతి చదివాను. అక్కడ ఎండ తగిలితే కళ్లు చెదిరే వెలుగు, లేకపోతే కటిక చీకటి. దూరం అంచనా దొరకదు. అందుకని కెనడా వాళ్లు వస్తువుల మీద నల్లటి గుండ్రటి చుక్కలు అంటించారు. కెమెరా ఆ చుక్కల్ని చూస్తుంది, కంప్యూటర్ ఆ బరువు ఎక్కడుందో, ఎంత వంగిందో లెక్క కట్టి చెబుతుంది. మొదట వెళ్లిన నౌకాదళం ఆయన దాని తొలి పరీక్షలు చేస్తే, తర్వాత వెళ్లిన మరొకాయన దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. ఇది చెప్పగానే భాయ్ లేచి కూర్చున్నాడు.

"మనమూ పెడదామా అయివారూ?"

"మనకు కంప్యూటర్ యాడిది భాయ్?"

"నా కండ్లు లేవా? దూలం రెండు కొసలకూ తెల్లగా పెద్ద చుక్క పెట్టు. పళ్లెమంత."

పెట్టాను. పెయింటు డబ్బా పట్టుకుని ప్రతి దూలానికీ రెండు కొసలా పళ్లెమంత తెల్లటి చుక్కలు పెట్టాను. పెయింటర్లు తిట్టుకున్నారు. బొట్లు పెట్టి పెళ్లికి పంపుతున్నావా అని వెక్కిరించారు. అయినా మా పని సాఫీగా జరిగేది. ముదీర్ ఒకసారి అటుగా వచ్చి చుక్కల్ని చూసి, గుడ్ ఐడియా అన్నాడు. ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.

ఒకదాని తర్వాత ఒకటిగా అతను ఎందుకు అడుగుతున్నాడో నేను ఆలోచించలేదు. నాకు శిష్యుడు దొరికాడనుకున్నాను.

ఫిబ్రవరిలో చెప్పిన కథ అన్నిటికంటే పెద్దది. రెండో చెయ్యిని బిగించినాయన బయట పని చేస్తుండగా, హెల్మెట్ అద్దానికి మసక పట్టకుండా పూసిన మందు తడికి కరిగి అతని ఎడమ కంట్లో పడింది. విపరీతమైన మంట. కంట్లో నీళ్లూరాయి. కానీ అక్కడ కన్నీరు కిందికి జారదు. కంటి మీదే ముద్దలా పేరుకుంటుంది. అది పెరిగి పెరిగి ముక్కు దాటి రెండో కంట్లోకీ వెళ్లింది. రెండు కళ్లూ మూసుకుపోయాయి. చుట్టూ శూన్యం, చేతిలో పనిముట్టు.

"మరి?" అన్నాడు భాయ్.

"మరేంది, పని ఆపలే. చెయ్యి బిగించే వచ్చిండు."

"కండ్లు కనపడకుండానే?"

"ఆ."

ఆ పేజీలో మధ్యన ఒక పేరా నేను వదిలేశాను. హెల్మెట్ కవాటాల పేర్లు, గాలి పీడనం మాటలు నిఘంటువులో దొరకలేదు. దాన్ని దాటేసి, చెయ్యి బిగించిన వాక్యం దగ్గర మళ్లీ అందుకున్నాను. వదిలేశానన్న మాట మాత్రం భాయ్‌కి చెప్పలేదు.

"సెబాష్," అన్నాడతను మెల్లగా. "మనిషంటే వాడూ."

మే నెలలో ఒక మధ్యాహ్నం దూలాన్ని ట్రైలర్ మీదికి దించుతున్నాం. ట్రైలర్ మీద ఒక బీహారీ ఫిట్టర్ చెక్కదిమ్మలు సర్దుతున్నాడు. నా వాకీటాకీ గరగరమని ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది. నేను వెంటనే అలవాటు కొద్దీ చెయ్యి చాచి ఆపు సైగ చేశాను. క్యాబిన్ నాకు ఎదురుగానే ఉంది. భాయ్ ముఖం నా వైపే ఉంది. దూలం ఆగలేదు. రెండు చేతులూ ఊపాను. ఆగలేదు. చివరి మాట దించు అని చెప్పాను కాబట్టి అతను దించుతూనే ఉన్నాడు. ఫిట్టర్ కాలు దిమ్మల మధ్యన ఉంది.

నేను ఎలా అరిచానో తెలియదు. యార్డు మొత్తం అరిచింది. ఫిట్టర్ వెనక్కి దూకి ట్రైలర్ మీదినుంచి ఇసుకలో పడ్డాడు. అరుపులు క్యాబిన్లోకి చేరాక దూలం ఆగింది. దిమ్మ ఒకటి నలిగి పిప్పి అయింది. మనిషికి మోచేయి గీసుకుంది, అంతే.

ఫోర్‌మన్ వచ్చి వాకీటాకీని తిట్టాడు, స్టోరు వాణ్ని తిట్టాడు, బ్యాటరీ చూసుకోనందుకు నన్ను తిట్టాడు. ఖలాస్, పని చూడండి అని వెళ్లిపోయాడు. నేను క్యాబిన్ ఎక్కాను.

"భాయ్, నా చెయ్యి కనవడలేదా?"

"ఎండప్పా. అద్దం మీద ఎండ కొట్టినాది."

"ఎండ నీ ఎనుక ఉంది భాయ్."

అతను లివర్ల మీదినుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కుడి కన్ను పోయింది అయివారూ. ఎడమదానికి పొగ పట్టినట్టు ఉండాది. నువ్వు అక్కడ నిలబడినావని తెలుస్తాది. చెయ్యి లేపినావో లేదో తెలీదు."

షుగర్ వల్ల కంటిలోపల రక్తం కారుతోందని ముసఫ్ఫాలో ఒక క్లినిక్ డాక్టర్ నవంబరులోనే చెప్పాడట. మా యార్డులో వాకీటాకీలు వచ్చింది నవంబరులోనే.

నాకు ముందు కోపం రాలేదు. సిగ్గేసింది. చుక్కలు, మాటలు, కంట్లో నీళ్ల కథ, అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. నా చదువు వింటున్నాడనుకున్నాను. అతను దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఎవరికీ చెప్పద్దు," అన్నాడు. "జూన్లో థర్డ్ పార్టీవోడు తనిఖీకి వస్తాడు, లైసెన్సుకు కంటి పరీక్ష. అదొక్కటి గడిచిందంటే ఏడాది. చిన్నపాప నర్సింగు అయిపోతాది. క్యాబిన్లోంచి దించినారంటే నాకీడ పనేముండాది? నెలలో వీసా క్యాన్సిల్."

"పరీక్ష ఎట్ల గడుస్తది భాయ్?"

"అందుకే నిన్ను అడిగేది. గోడకు తగిలించే అక్షరాల బోర్డు ఉంటాది చూడు, పైన పెద్దవి, కింద చిన్నవి. మీ లైబ్రరీలో డాక్టర్ల పుస్తకాలు ఉంటాయి గదా. ఆ వరసలు రాసుకుని రా. బట్టీ పట్టేస్తా."

ఆ శుక్రవారం వెళ్లాను. వైద్యం పుస్తకాల దగ్గర అరగంటలో ఆ బోర్డు దొరికింది. ఏ వరుసలో ఏ అక్షరమో కాగితం మీద రాసుకున్నాను. అబద్ధం ఎందుకు, చివరి వరుస దాకా రాశాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక బయటికి పోబుద్ధి కాలేదు. అంతరిక్షం పుస్తకాల వైపు వెళ్లి ఆ పాత పేజీ తీశాను. వదిలేసిన పేరాను ఈసారి వదల్లేదు. రెండు గంటలు పట్టింది.

కన్ను మండగానే ఆయన రేడియోలో చెప్పాడు. నాకు కనపడటం లేదు అని భూమ్మీది వాళ్లకు చెప్పాడు. వాళ్లు పని ఆపించారు. ఏం జరిగిందో అక్కడినుంచే ఆలోచించారు. కవాటం తెరిచి లోపలి గాలి కొంచెం బయటికి వదలమన్నారు. తోటివాడు దగ్గర్లోనే ఉన్నాడు. కన్నీళ్లతో మందు కొట్టుకుపోయి చూపు తిరిగొచ్చాకే మళ్లీ పని అందుకున్నాడు. కనపడకుండా బిగించలేదు. నేను చెప్పిన కథ ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

క్యాంపుకు వచ్చేసరికి భాయ్ తన మంచం మీద కూర్చుని ఉన్నాడు. గదిలో మిగతావాళ్లు వంట దగ్గర ఉన్నారు.

"తెచ్చినావా?"

"తెచ్చిన. ఇచ్చే ముందుగాల ఒక ముచ్చట చెప్పాలె. నేను నీకు అబద్ధం చెప్పిన." పేరా మొత్తం చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు.

"అయితే వాడు చెప్పేసినాడు అంటావు."

"మొదటి నిమిషంలనే చెప్పిండు."

"చెప్తాడు. ఎందుకు చెప్పడూ? చెప్పినా వాణ్ణి క్యాన్సిల్ చేయరు. కింద ఒక ఆఫీసంతా కూర్చునుండాది వాని కోసం. నాకెవరుండారు కింద?"

"కింద నేనున్న భాయ్. హుక్కు కింద."

నేనే మళ్లీ అన్నాను. "ఫిట్టర్ కాలు పొయ్యేది. రేపు నువ్వే పోయి చెప్పు. సోమవారం దాకా చూస్త. లేకుంటే నేను చెప్తా."

"నువ్వు చెప్తావా?" తల ఎత్తాడు. చూపు నా చెవి పక్కగా ఎక్కడో ఆగింది. "నాకు సదువు చెప్పిన అయివారివి. నువ్వు చెప్తావా?"

ఆ కాగితం అతను మళ్లీ అడగలేదు. నేను ఇవ్వలేదు. తర్వాత బాత్రూములో చింపి పారేశాను.

శనివారం అతను చెప్పలేదు. ఆదివారం చెప్పలేదు. ఆ రెండు రోజులూ నేను సైగలు చేస్తూ, వాకీటాకీలో మాట్లాడుతూ, బరువు కింద ఎవరూ లేకుండా తరుముతూ పనిచేశాను. అతను నా మాటకు ఒక్కసారి కూడా ఊ అని బదులివ్వలేదు. పని మాత్రం అంతకుముందెప్పుడూ లేనంత జాగ్రత్తగా చేశాడు. ఒక్క దూలం ఒరగలేదు. అది చూసి నా మనసు రెండుగా చీలింది. ఇంకో రిగ్గర్ అయితే ఏం చేసేవాడో తెలియదు. సోమవారం పొద్దున ఇంజను వేడెక్కుతుండగా నేను ఫోర్‌మన్ గదిలోకి వెళ్లి చెప్పాను.

ఫోర్‌మన్ కుర్చీలోంచి లేచాడు. "కబ్ సే?" అని అడిగాడు. ఎప్పటినుంచి అని. నవంబరు నుంచి అన్నాను. అతను గోడకున్న క్యాలెండర్ వైపు చూసి నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత బయటికి నడిచి, క్రేను దగ్గర నిలబడి, దిగు అన్నట్టు చెయ్యి ఊపాడు. అది భాయ్‌కి కనపడదు కదా. నేనే వాకీటాకీ నొక్కి, "భాయ్, దిగు," అన్నాను. నేను అతనికి ఇచ్చిన చివరి సిగ్నల్ అదే. ఇంజను ఆపి, మెట్టు మెట్టుకూ కాలితో తడుముకుంటూ దిగాడు.

ఫోర్‌మన్ చెడ్డవాడు కాదు. స్టోరులో ఏదైనా పని ఇద్దామని ముదీర్‌తో మాట్లాడాడు. మూడు వారాలు భాయ్ స్టోరులో బోల్టులు ఏరి డబ్బాల్లో వేశాడు. చేతి వేళ్లతో సైజు చెప్పేవాడట. తర్వాత ఆఫీసు నుంచి వీసా క్యాన్సిల్ కాగితం వచ్చింది. నేను గదిలో అతని ఎదుటి మంచం మీదే పడుకునేవాణ్ని. రెండుసార్లు మాట్లాడబోతే అటు తిరిగి పడుకున్నాడు. వాకీటాకీలు స్టోరుకు వెళ్లిపోయాయి. కొత్త ఆపరేటర్ పంజాబీ కుర్రవాడు. దూలాల మీది చుక్కల్ని చూసి ఇవేంటని అడిగాడు. ఏమీ లేదన్నాను.

ఇది సరైన పనే అని నాకు చాలామంది చెప్పారు. ఆ ఫిట్టర్ నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. నేనూ అలాగే అనుకుంటాను. కానీ నవంబరులోనే ఆ వాకీటాకీలు ఎందుకు భాయ్ అని ఒక్క మాట అడిగి ఉంటే, అప్పటికి అతని ఎడమ కన్ను ఎంత మిగిలి ఉండేదో నాకు తెలియదు. లేజరుతో ఆపొచ్చని డాక్టర్ చెప్పాడట. పని మానాల్సి వస్తుందని ఇతను వెళ్లలేదు. ఆ సంగతి స్టోరు వాడు తర్వాత చెప్పాడు.

అతను వెళ్లిన రోజు శుక్రవారం. మధ్యాహ్నం భోజనం చేసి నేను క్యాంపు గేటు వైపు వస్తున్నాను. గేటు పక్క రేకుల నీడలో బెంచీ మీద భాయ్ కూర్చుని ఉన్నాడు. ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే వ్యాను కోసం చూస్తున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. పెట్టె దారికి అడ్డంగా ఉంది. నేను ఎండలోంచి నీడలోకి వచ్చి అతని ముందు ఆగాను. రెండడుగుల దూరం. ఏమనాలో రాత్రంతా అనుకుని ఉంచుకున్న మాటలు ఉన్నాయి.

అతను తలెత్తి నా ముఖం వైపు చూశాడు. మర్యాదగా నవ్వి, పెట్టెను రెండు చేతులతో పక్కకు జరిపాడు.

"జావో భాయ్, జావో," అన్నాడు హిందీలో.

ఒక్క మాట మాట్లాడితే నా గొంతు గుర్తుపట్టేవాడు. అందరికంటే బాగా ఎరిగిన గొంతు. నేను మాట్లాడలేదు. అతను ఇచ్చిన దారిలోంచి నడిచి గేటు దాటాను.